బాపట్ల దగ్గరే, చదువే దూరం

గుంటూరు చుట్టుపక్కల వ్యవసాయ చదువుకు లోటు లేదు. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లోనే వచ్చింది. గుంటూరు దగ్గరి లాం పరిశోధనా క్షేత్రంలో పుట్టిన మిర్చి రకాలు ఊరూరా వేశారు. రాష్ట్ర విభజన తర్వాత ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కేంద్రం కూడా లాంలోనే ఏర్పడింది.

అయినా సేద్యం చేసేవాడికి ఆ చదువు అందింది తక్కువ. రైతు కొడుకు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగానికి వెళ్లాడు. పొలంలో ఉండిపోయిన అన్నకి సలహా చెప్పింది పురుగుమందుల కొట్టు. అప్పు పెట్టేదీ ఆ కొట్టే కాబట్టి, వాళ్లు ఏ డబ్బా ఇస్తే అదే పిచికారీ చేయాలి.

దీని ఫలితం పత్తిలో చూశాం. 1980ల్లో సింథటిక్ పైరెత్రాయిడ్లనే కొత్త రకం పురుగుమందులు వచ్చాయి. మొదట్లో పురుగు బాగానే చచ్చింది. దాంతోపాటు తెల్లదోమను తినే మిత్రపురుగులూ చచ్చాయి, దోమ విరుచుకుపడింది. భయంతో రెండు మూడు మందులు కలిపి కొట్టారు. చివరికి పత్తి కాయ తొలిచే శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగలేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. రైతు అత్యాశే కారణమన్న మాట నేను ఒప్పుకోను. మందు ఎలా పనిచేస్తుందో, ఎప్పుడు ఆపాలో ఆ రైతుకు చెప్పిందెవరు?

1989లో ఇండోనేసియా వరి పొలాల్లో మొదలైన పద్ధతి తర్వాత మన దగ్గరికి పొలంబడిగా వచ్చింది. వారానికోసారి రైతులు గట్టు మీద చేరతారు. మొక్కలు పట్టి చూసి పురుగులెన్ని, సాలీళ్లు, అక్షింతల పురుగులెన్ని అని లెక్కేస్తారు. ఆ లెక్క చూశాకే మందు కొట్టాలా వద్దా అన్నది తేలుస్తారు. రైతుకు కావాల్సిన చదువు ఇదే. అనుభవం ఎంతున్నా కంటికి ఆనని గుడ్డు సంగతి, మందుకు అలవాటుపడిన పురుగు సంగతి ఒకరు చూపిస్తేనే తెలుస్తాయి.

2021లో మిర్చిపై నల్ల తామరపురుగు పడినప్పుడు ఈ చదువు అందని లోటు మళ్లీ బయటపడింది. పువ్వు తెంపి తెల్ల కాగితం మీద దులిపితే సన్నటి నల్లని పురుగులు పరుగెత్తేవి. టెన్షన్‌తో రైతులు మందు మీద మందు కొట్టారు, పూత నిలవలేదు. మోతాదు మించి కొడితే మిత్రపురుగులు పోతాయని, నీలిరంగు జిగురు అట్టలు పెట్టమని శాస్త్రవేత్తలు చెప్పారు. చాలామందికి ఆ మాట చేరేసరికే అప్పు పెరిగిపోయింది.

ఇక్కడ మిర్చి వేసేవాళ్లలో కౌలు రైతులు చాలామంది. భూమి వాళ్ల పేరున ఉండదు కాబట్టి శిక్షణకు పిలిచే జాబితాలోనూ తరచూ వాళ్ల పేరుండదు. నారు పోయకముందే, వాళ్ల పొలం గట్టు మీదే పొలంబడి పెట్టాలి.