రాజనీతి శాస్త్రం చదువు: మా సరిహద్దు ఊళ్లలో వినబడే అపోహలు, వాస్తవాలు

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకు రాజనీతి శాస్త్రం చెబుతాను. నా క్లాసులో కొందరి ఇంట్లో తెలుగు, కొందరి ఇంట్లో ఒడియా. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులు అడిగేవీ, క్లాసులో పిల్లలు గట్టిగా నమ్మి అనేవీ ఏటా దాదాపు అవే. వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రాజకీయాల్లోకి దిగేవాళ్లకే ఈ సబ్జెక్టు.

"మాస్టారూ, మావాడు నలుగురిలో నోరు విప్పడండీ. వాడికి పాలిటిక్స్ ఎందుకు?" అని కాశీనగర్ నుంచి వచ్చిన ఒక తండ్రి అడిగారు. అలాంటి పిల్లలు ఇందులో బాగా రాణిస్తారు. ఇక్కడ పనంతా చదవడం, పోల్చి చూడడం, రాయడం. చట్టాలు, కమిటీ నివేదికలు, సభల్లో జరిగిన చర్చలు, ఓట్ల లెక్కలు ఓపిగ్గా చదివేవాళ్లు కావాలి.

అపోహ: రోజూ పేపరు చదివేవాడికి ఇందులో కొత్తగా తెలిసేదేమీ లేదు.

దీనికి జవాబుగా 1969 రాష్ట్రపతి ఎన్నికను బోర్డు మీద వేస్తాను. వి.వి. గిరి మన బరంపురంలో పుట్టినవారు కాబట్టి పిల్లలకు ఆ కథ కొంత తెలిసే ఉంటుంది. "ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటెయ్యమన్నారు, గిరి గెలిచారు" అంటారు. అప్పుడు లెక్కలు రాస్తాను. ఓటేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. ఒక్కో ఓటుకు ఇంత విలువ అని ఉంటుంది, అభ్యర్థులకు 1, 2, 3 అని ప్రాధాన్యం ఇస్తారు. గెలవడానికి కావలసిన ఓట్ల విలువ 4,18,169. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఏ పార్టీ టికెట్టూ లేకుండా నిలబడిన గిరికి 4,01,515, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ సరిపోలేదు. దాంతో వెనకబడినవాళ్లను ఒక్కొక్కరినే తప్పిస్తూ, వాళ్ల ఓట్లను తర్వాతి ప్రాధాన్యం ప్రకారం పంచారు. చివరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427.

"ఇప్పుడు తీసివేతలు చెయ్యండి" అంటాను. రెండో దశలో రెడ్డికి కలిసినవి 91,879. గిరికి కలిసినవి 18,562 మాత్రమే. అంటే రెండో ప్రాధాన్య ఓట్లు ఎక్కువగా వెళ్లింది ఓడిన మనిషికే! స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి. వాళ్ల రెండో ఓటు రెడ్డికి పడేలా కాంగ్రెస్ పెద్దలు మాట్లాడుకోవడం చాలావరకు పనిచేసిందని ఆ తీసివేత చెబుతోంది. గిరిని గట్టెక్కించింది మొదటి దశలో వచ్చిన ఆధిక్యం. అంతరాత్మ పిలుపు బలం ఎంతో తెలియాలంటే ఆ మొదటి దశ ఓట్లను రాష్ట్రాలవారీగా విడదీసి చూడాలి. పేపరు చదివితే ఎవరు గెలిచారో తెలుస్తుంది. ఆ గెలుపు ఏ దారిన వచ్చిందో వెతకడం ఈ చదువులో పని.

అపోహ: రాజకీయ చరిత్ర అంటే మనవాళ్ల పక్షాన వాదించడం.

ఈ ఊళ్లో ఈ మాట చాలా సున్నితం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం ఇటు వచ్చింది, జమీందారీలో చాలా భాగం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఇక్కడి జమీందారు రాజా కృష్ణచంద్ర గజపతి ఒడిశా కోసం పాటుపడి, 1937లో ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు) అయ్యారు. ఇదే ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు ఆ విలీనాన్ని వ్యతిరేకించి, ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఇద్దరూ ఈ ఊరిని ప్రేమించినవాళ్లే.

కొత్త ఒడిశా సరిహద్దులు తేల్చడానికి 1931లో ఓ'డొనెల్ కమిటీ వేసినప్పుడు ఒడియావారి తరఫున రాజావారు, తెలుగువారి తరఫున సి.వి.ఎస్. నరసింహరాజు సహ సభ్యులుగా కూర్చున్నారు. జనగణనలో భాషల లెక్క ఎవరు ఎలా రాశారన్నదే పెద్ద తగువు. బ్రిటిష్ ప్రభుత్వం తన ప్రతిపాదనలతో వెలువరించిన 1933 శ్వేతపత్రంలో పర్లాకిమిడిని ఒడిశాలో చేర్చలేదు. 1934లో లండన్‌లోని జాయింట్ పార్లమెంటరీ కమిటీ (బ్రిటిష్ పార్లమెంటు ఉభయ సభల కమిటీ) చేర్చమంది. ఈ మధ్యలో ఏం మారింది? ఆ ప్రశ్న మీద వ్యాసం రాయమంటాను. తెలుగింటి పిల్లలు ఒడియావారి వాదన రాయాలి, ఒడియా పిల్లలు తెలుగువారిది. మొదట్లో మొహాలు ముడుచుకుంటారు. అయితే అవతలివాళ్ల విజ్ఞాపన చదివి, అందులో బలమైన పాయింటు ఏదో తామే గుర్తుపట్టినప్పుడు ఆ రాత నాణ్యతే మారిపోతుంది. నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ఇష్టమైన పని ఆ వ్యాసాలు దిద్దడం.

అపోహ: ఆర్టికల్ నంబర్లు బట్టీ పడితే పాసైపోవచ్చు.

పాస్ కావచ్చు. కానీ మనకే పనికొచ్చే 350ఎ చూడండి. 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన అందించడానికి రాష్ట్రం ప్రయత్నించాలంటుంది. 30వ అధికరణం వేరు. అది ప్రాథమిక హక్కు. అల్పసంఖ్యాకులుగా మన విద్యాసంస్థలు మనం పెట్టుకుని నడుపుకునే హక్కు, దాన్ని కాదంటే నేరుగా కోర్టుకు వెళ్లొచ్చు. అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని బట్టి లెక్కించాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే శ్రీకాకుళంలో ఉన్న తెలుగువాడికి లేని హోదా ఇక్కడి తెలుగువాడికి ఉంది. నంబరు వచ్చి ఈ తేడా రాకపోతే, ఊళ్లో తెలుగు బడి కోసం అర్జీ రాసేటప్పుడు దేన్ని ఆధారం చేసుకోవాలో తెలియదు.

అపోహ: దీనికి ఉద్యోగాల్లేవు, తెలుగింటి పిల్లలకైతే అసలు కుదరదు.

ఒక్క బి.ఎ.తో ఉద్యోగం రాదు, ఆ మాట దాచను. పీజీ, నెట్ (కాలేజీ అధ్యాపకులకు పెట్టే జాతీయ అర్హత పరీక్ష) దాటితే అధ్యాపకవృత్తి ఉంది. సివిల్స్ మెయిన్స్‌లో జనరల్ స్టడీస్ రెండో పేపరు చాలావరకు మన సబ్జెక్టే, దాన్ని తెలుగులోనూ రాయొచ్చు. నెట్‌లో రాజనీతి శాస్త్రం పేపరు మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. కాబట్టి విషయం తెలుగు అకాడమీ పుస్తకాల్లో అర్థం చేసుకున్నా, బి.ఎ. రెండో ఏడు నుంచే వారానికి రెండు జవాబులైనా ఇంగ్లీషులో రాసి దిద్దించుకోండి. చదవడానికి రాజ్యాంగ సభ చర్చలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1948 నవంబరు 4న ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేడ్కర్ చేసిన ప్రసంగంతో మొదలుపెట్టండి.