సైకిలుకు కెమెరా కొనబోయే ముందు

అంబాజీపేట

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. అమలాపురంలో కాలేజీకి రోజూ సైకిళ్ల మీద వెళ్లివచ్చే దారిని వీడియో తీసి ఉంచుకోవాలనుకుంటున్నామనీ, అయిదు వేల రూపాయల లోపు ఏ కెమెరా తీసుకుంటే మంచిదో చెప్పమనీ రాశారు. వెనుక నుంచి హారన్ కొట్టుకుంటూ వచ్చే లారీలు మిమ్మల్ని రోడ్డు అంచు మట్టిలోకి దింపేస్తున్నాయని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకూ ఇదే ఆలోచన. స్టూడియో నడిపినన్నాళ్లూ నేను తీసినవి కదలకుండా కూర్చున్న మనుషుల ఫొటోలే అయినా, వెలుతురు, లెన్సు, కదలిక అనే మూడింటి లెక్క ఏ కెమెరాకైనా ఒకటే కనుక, కాస్త వివరంగానే రాస్తున్నాను.

మీకు కావలసింది కాలువ గట్టు అందాలు చూపించే కెమెరా కాదు. ఏదైనా బండి మిమ్మల్ని రాసుకుని వెళ్లిపోతే దాని నంబరు చెప్పగలిగే సాక్షి. రంగులు ఎంత బాగున్నా నంబరు చదవడానికి రాని వీడియో మీకు ఎందుకూ కొరగాదు. అందుచేత పెట్టె మీద అచ్చువేసిన గొప్పలను పక్కన పెట్టి, నంబరు ప్లేటు దగ్గర నుంచి లెక్క మొదలుపెడదాం.

1080పి అనే వీడియో కొలతలో దృశ్యానికి అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చిన్న చుక్కలు, ఉంటాయి. లెన్సు చూసే కోణం 90 డిగ్రీలు అనుకుంటే, 5 మీటర్ల దూరంలో సుమారు 10 మీటర్ల వెడల్పు దృశ్యం అందులో పడుతుంది. ఆ 10 మీటర్లను 1920 పిక్సెళ్లు పంచుకుంటే మీటరుకు 192 వస్తాయి. కార్లకూ లారీలకూ నంబరు ప్లేటు మీద అక్షరాల ఎత్తు నిబంధన ప్రకారం 65 మిల్లీమీటర్లు కనుక, ఒక్కొక్క అక్షరానికి పన్నెండు పిక్సెళ్లు దక్కుతాయి. ఆ మాత్రం ఉంటే చదవవచ్చు. మోటారు సైకిలు వెనుక ప్లేటు మీద అంకెల ఎత్తు 40 మిల్లీమీటర్లే, అంటే ఎనిమిది పిక్సెళ్ల లోపు. అక్కడికి వచ్చేసరికి 3, 6, 8 అన్నీ ఒకే ముద్దలా కనిపిస్తాయి. దూరం 10 మీటర్లయితే ఈ సంఖ్యలన్నీ సగమవుతాయి. కాబట్టి 1080పి కెమెరా నంబరు పట్టుకోగలిగేది బండి మీ పక్క నుంచి దాటి అయిదారు మీటర్ల లోపల ఉన్నప్పుడే.

లెన్సు కోణం ఎంత పెద్దదైతే అంత మంచిదని దుకాణదారు చెబుతాడు. 170 డిగ్రీలని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేస్తారు కూడా. ఈతకొట్టేవాడి సరదాకి అది పనికివస్తుందేమో గాని, అన్ని పిక్సెళ్లనూ అంత వెడల్పున చల్లేశాక నంబరు ప్లేటు వాటాకి వచ్చేవి తక్కువే. కొనే కెమెరాలో కోణాన్ని తగ్గించుకునే సెట్టింగు ఉందో లేదో చూడండి. ఉంటే మధ్యస్థంగా పెట్టండి.

ఇక 4కె సంగతి. అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం మీద 1080పికి నాలుగు రెట్లు పిక్సెళ్లు. అది నిజమైన 4కె అయితే పైన చెప్పిన దూరం రెట్టింపవుతుంది, సందేహం లేదు. అయితే మీరు అనుకున్న ధరలో 4కె అని రాసి ఉన్న వాటిలో చాలావాటి లోపలి సెన్సారుకు, అంటే వెలుతురును బొమ్మగా పట్టే ముక్కకు, అన్ని పిక్సెళ్లు ఉండవు. చిన్న బొమ్మను లోపలి చిప్పు సాగదీసి పెద్దది చేస్తుంది. నెగెటివులో లేని వివరం ప్రింటును ఎంత ఎన్లార్జి చేసినా రాదని మా రోజుల్లో స్టూడియో కుర్రాడికి కూడా తెలుసు. అది అసలుదో కాదో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. గోడకు అంటించిన క్యాలెండరును ఒకే చోట నుంచి ఒకసారి 1080పిలో, ఒకసారి 4కెలో తీయండి. రెండింటినీ కంప్యూటరులో ఒకే కొలతకు పెంచి, తేదీల కింద ఉన్న తిథి, నక్షత్రాల సన్న అక్షరాలను చూడండి. రెండింటిలోనూ ఒకేలా అలుక్కుపోయి ఉంటే ఆ 4కె ఉత్తి మాటే. నిక్కచ్చిగా 1080పి, సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 విడి బొమ్మలు, ఇచ్చే కెమెరా ఇలాంటి దానికన్నా ఎంతో మేలు.

అరవై ఫ్రేములు ఎందుకంటే, కదిలే బండి అక్షరాలు చెదిరిపోవడానికి అసలు కారణం షట్టరు వేగం, అంటే ఒక్కొక్క బొమ్మకు కెమెరా ఎంతసేపు కన్ను తెరిచి ఉంచుతుందన్నది. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళుతుండగా ఒక బండి 60 కిలోమీటర్ల వేగంతో దాటిందనుకోండి. మీ కెమెరా దృష్టిలో అది సెకనుకు పన్నెండున్నర మీటర్లు కదులుతోంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కెమెరా సెకనులో 500వ వంతు సేపే కన్ను తెరుస్తుంది కనుక ఆ లోపల బండి జరిగేది రెండున్నర సెంటీమీటర్లు. సాయంత్రం ఆరు దాటాక వెలుతురు చాలక 30వ వంతు సేపు తెరిచి ఉంచితే నలభై సెంటీమీటర్లు జరిగిపోతుంది. 60 ఫ్రేముల సెట్టింగులో 60వ వంతుకు మించి తెరవడానికి కెమెరాకు వీలుండదు. దృశ్యం కొంచెం నల్లగా వస్తుంది, రానివ్వండి.

ఈ జరగడంలో కూడా ఒక తేడా ఉంది. కెమెరాకు అడ్డంగా పరుగెత్తే బండి ప్లేటు బాగా చెదురుతుంది. తిన్నగా ముందుకు దూరమయ్యే బండి ప్లేటు అంతగా చెదరదు. మిమ్మల్ని దాటిన బండి ఎటూ మీకు వీపు చూపించి తిన్నగానే పోతుంది. కాబట్టి ఒకటే కెమెరా కొనగలిగితే దాన్ని ముందుకే పెట్టండి. వెనుక కెమెరా ఉంటే ఎవరు ఎలా వచ్చి గుద్దారో తెలుస్తుంది, నిజమే. కాని రాత్రిపూట హెడ్‌లైటు సూటిగా లెన్సులో పడి నంబరు బదులు తెల్లటి వెలుగే మిగులుతుంది. వెనుక లైటూ కెమెరా కలిపి చేసినవి ఆస్ట్రేలియాలోని సైక్లిక్ కంపెనీ వంటివారు అమ్ముతున్నారు, వాటి ధర మీకు అందదు. పేరున్న గోప్రో కెమెరాల సంగతీ అంతే.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. కొబ్బరి తోటల మధ్య రోడ్డు మీద ఎండ, నీడ, మళ్లీ ఎండ క్షణక్షణానికీ మారుతుంటాయి. చవక కెమెరా ఆ మార్పుకు సర్దుకునేలోపే బండి దాటిపోతుంది. నీడలోకి వెళ్లిన ప్లేటు నల్లగా, ఎండలో ఉన్నది సున్నం కొట్టినట్టు వస్తుంది. కెమెరాను పైకెత్తి పెడితే ఈ బాధ ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఆకాశం ఎక్కువగా కనబడిన కొద్దీ కెమెరా వెలుతురు చాలా ఉందనుకుని రోడ్డును చీకటి చేసేస్తుంది. దృశ్యంలో ఆకాశం మూడో వంతుకు మించకుండా కిందికి వంచండి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు వస్తున్న హై సెక్యూరిటీ ప్లేట్లు కాంతిని తిప్పికొడతాయి కాబట్టి, సైకిలు లైటును కెమెరాకు ఆనించి కాకుండా కాస్త కిందుగా, రోడ్డు మీదికి పడేలా బిగించండి.

బిగించే చోటు గురించి చెబుతాను. చిట్టితల్లి సైకిలుకు ముందు బుట్ట ఉంది. హ్యాండిలు మీద కెమెరా పెడితే సగం వీడియో నిండా పుస్తకాల సంచీయే ఉంటుంది. ఆ సైకిలుకు బుట్ట ముందు అంచునే క్లాంపు పెట్టాలి, లేదా బుట్ట తీసి వెనుక క్యారేజీకి మార్చాలి. పెద్దవాడి సైకిలుకు హ్యాండిలు మధ్య చోటు సరిపోతుంది. ప్లాస్టిక్ క్లాంపు కింద పాత ట్యూబు ముక్క రెండు చుట్లు వేసి బిగిస్తే జారదు, గోతుల అదురు కొంత తగ్గుతుంది. క్లాంపు విరిగినా కెమెరా కాలువలో పడకుండా ఒక నైలాను తాడుతో హ్యాండిలుకు కట్టి ఉంచండి. హెల్మెట్టు మీద పెట్టుకుంటే అదురు తక్కువే, మీరు ఎటు చూస్తే అటే తీస్తుంది. కాని పక్కవారిని చూడటానికి తల తిప్పిన ఆ క్షణంలోనే జరగవలసినది జరుగుతుంది. నాకు హ్యాండిలే నచ్చుతుంది.

మెమరీ కార్డు దగ్గర పిసినారితనం వద్దు. 1080పి వీడియో సెకనుకు 15 మెగాబిట్ల చొప్పున రాస్తే గంటకు ఆరు ముప్పావు గిగాబైట్లు అవుతుంది. 32 జీబీ కార్డులో నాలుగున్నర గంటల వీడియో పడుతుంది. మీ రాకపోకలకు అది మూడు రోజుల పైచిలుకు. నిండగానే పాతదాని మీద కొత్తది రాసుకునే లూప్ రికార్డింగు తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే ఎప్పుడో ఒకరోజు కార్డు నిండి మీకు తెలియకుండానే ఆగిపోతుంది. రోజూ చెరిపి రాయడాన్ని తట్టుకునే హై ఎండ్యూరెన్స్ రకం కార్డును, కంపెనీ కార్డునే, నమ్మకమైన చోట కొనండి. కుదుపు తగిలితే ఆ ముక్కను చెరగకుండా తాళం వేసే జీ-సెన్సార్ అనేది కూడా ఉంటుంది. వినడానికి బాగానే ఉంటుంది గాని, మన రోడ్ల మీద ప్రతి గొయ్యీ దానికి ప్రమాదమే. రెండు రోజుల్లో కార్డంతా తాళం పడ్డ ముక్కలతో నిండి, కొత్తది రాయడానికి చోటుండదు. దాన్ని ఆపేయండి, లేదా అతి తక్కువ స్థాయిలో పెట్టండి.

ఈ చిన్న కెమెరాల బ్యాటరీ సాధారణంగా 900 ఎంఏహెచ్ దరిదాపుల్లో ఉంటుంది. గంటో, గంటంబావో వస్తుంది. వెళ్లేటప్పుడు నలభై నిమిషాలు, వచ్చేటప్పుడు నలభై నిమిషాలు అంటే సాయంత్రం చీకటి పడే వేళకే, అంటే మీకు అది ఎక్కువ అవసరమయ్యే వేళకే, చేతులెత్తేస్తుంది. తీసి మార్చగలిగే బ్యాటరీ ఉన్న కెమెరానే కొని, రెండో బ్యాటరీ వెంట ఉంచుకోండి. కాలేజీ స్టాండులో ఎండలో వదిలేయవద్దు, వేడికి బ్యాటరీ ఉబ్బుతుంది. వాన నుంచి కాపాడే డబ్బా చాలా కెమెరాలతో పాటే వస్తుంది. అందులో పెట్టాక మాటలు సరిగా వినబడవు, చార్జింగు తీగ పెట్టడానికి వీలుండదు, తుఫాను రోజుల్లో లోపలి తేమ అద్దానికి ఆవిరిలా పడుతుంది. మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల వేస్తే ఆ ఇబ్బంది తగ్గుతుంది. వాన లేని రోజుల్లో డబ్బా లేకుండానే వాడండి.

ఇంట్లో పడి ఉన్న పాత ఫోను వాడవచ్చా అని కూడా అడిగారు. మంచి ఫోను సెన్సారు చవక కెమెరాకన్నా బాగానే తీస్తుంది. కాని ఎండలో కాగిపోయి ఆగిపోతుంది, పైగా లోపల లెన్సును కదిలించి స్థిరపరిచే ఏర్పాటు ఉన్న ఫోన్లకు అదురు మంచిది కాదు. మోటారు సైకిళ్ల ఇంజను అదురుకు ఐఫోన్ కెమెరా పాడవవచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. సైకిలు అదురు అంత తీవ్రం కాకపోయినా, రోజూ వాడకానికి ఫోనును నేను సిఫారసు చేయను. కొనేలోపు ఒక వారం కట్టి చూడండి; రోజూ గుర్తుగా మీట నొక్కే ఓపిక మీకు ఉందో లేదో దానితో తెలిసిపోతుంది.

కెమెరా రాగానే తేదీ, సమయం సరిచేయండి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే చాలా కెమెరాల్లో అవి మొదటికి పోతాయి కనుక వారానికి ఒకసారి చూసుకోవాలి. జరగరానిది ఏదైనా జరిగితే వెంటనే కెమెరా ఆపి కార్డు బయటికి తీయండి, లేకపోతే లూపు దాన్నీ చెరిపేస్తుంది. ఆ వీడియోను కత్తిరించడం, పైన అక్షరాలు వేయడం చేయవద్దు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ఒక ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఆ ఫైలు హాష్ విలువ, అంటే ఫైలు నుంచి కంప్యూటరు లెక్కగట్టే వేలిముద్ర లాంటి గుర్తు, కూడా రాయాలి. ఫైలులో ఏ కొంచెం మార్చినా ఆ విలువ మారిపోతుంది. కార్డును అలాగే ఉంచి, నకలు తీసి చూసుకోండి.

మీ దారిలో కాలువ రేవులున్నాయి. పొద్దున్నే ఆడవాళ్లు బట్టలు ఉతుకుతూ, స్నానాలు చేస్తూ ఉంటారు. వాళ్లు మీ వీడియోలో పడటానికి ఒప్పుకున్నవారు కారు. ఏమీ జరగని రోజుల వీడియో ఎవరికీ చూపవద్దు, ఎక్కడా పెట్టవద్దు. దానంతట అది చెరిగిపోనివ్వండి.

కొన్నాక, తిరిగి ఇచ్చే గడువు ఉండగానే ఒక పరీక్ష చేయండి. సాయంత్రం ఆరుంబావుకి నాన్న మోటారు సైకిలును మీ పక్క నుంచి దాటించి, మీరు సైకిలు తొక్కుతూనే తీయండి. ఇంటికి వచ్చి వీడియోను ఒక్కొక్క ఫ్రేమూ ఆపి చూడండి. ఎరిగిన నంబరు కనుక మనసే చదివేస్తుంది. అందుకని ఆ నంబరు తెలియని స్నేహితుడి చేత చదివించండి. అతను చదవలేకపోతే మొహమాటపడకుండా కెమెరా వెనక్కి పంపేయండి. చదివితే ఆ వీడియో ముక్క నాకు పంపండి, లెన్సు వంపు సరిగా ఉందో లేదో చూసి చెబుతాను.

ఇట్లు,
మీ తాతయ్య