చేతులు మారిన టేపులు

తిరుపతిలో జాజ్ గిటారు వినేవాళ్లందరినీ పోగేస్తే ఒక షేర్ ఆటో నిండుతుందేమో. అందులోనూ రెండు పార్టీలు. వెస్ మాంట్‌గొమరీ, గ్రాంట్ గ్రీన్, కెన్నీ బరెల్ లాంటి గిటారిస్టులను మొదట అచ్చయిన రికార్డులోనే వినాలనేది ఒక పార్టీ. ఇప్పుడొస్తున్న రీఇష్యూల్లోనే, అంటే పాత రికార్డింగును మళ్లీ అచ్చేసిన వాటిలోనే, గిటారు శుభ్రంగా వినిపిస్తుందనేది రెండో పార్టీ. వేలు పోసి దిగుమతి ఎల్పీ తెప్పించుకోబోయేవాడికి ఈ పేచీ టెన్షన్ పెట్టడం సహజమే. చెవులకు సంబంధించిన గొడవలా కనిపిస్తుంది గానీ, చరిత్రలోకి వెళ్తే ఇందులో ఎక్కువ పాలు వ్యాపారానిదే. టేపు ఏ కంపెనీ చేతిలో ఉంది, ఆ కంపెనీ దాన్ని ఎవరికి అమ్మాలనుకుంది అనే దాన్నిబట్టి సౌండు మారుతూ వచ్చింది.

కథ చార్లీ క్రిస్టియన్ దగ్గర మొదలుపెట్టాలి. ఎలక్ట్రిక్ గిటారును జాజ్‌లో సోలో వాద్యంగా నిలబెట్టినవాడు. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు, 1942 మార్చిలో క్షయతో పోయాడు. అప్పటికి పాతికేళ్లే. ఆ రోజుల్లో 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది. పాట మొత్తం అందులోనే సర్దాలి, మిగతా వాద్యాలకూ వాటా ఇవ్వాలి. గిటారుకు దక్కేది అర నిమిషం, బాగా దక్కితే ఇంకాస్త.

1948లో ఎక్కువసేపు మోగే ప్లేటు, అంటే ఎల్పీ, వచ్చాక కంపెనీలకు పాత సరుకును కొత్తగా అమ్ముకునే దారి దొరికింది. 1955లో కొలంబియా కంపెనీ వేసిన క్రిస్టియన్ ఎల్పీలో ‘బ్రేక్‌ఫాస్ట్ ఫ్యూడ్’ అనే పాట ఉంది. ఒకే పాటను మళ్లీ మళ్లీ వాయించిన వేర్వేరు టేకుల్లోంచి ఆయన సోలోలను కోసి, ఒకదాని వెనక ఒకటి అతికించి, ఒకే పాటలా తయారుచేశారు. స్టూడియోలో ఆ పాట ఆ రూపంలో ఏనాడూ జరగలేదు. అయినా ఆ ఎల్పీ పెట్టుకుని సాధన చేసిన గిటారిస్టుకు అదే ఒరిజినల్. తర్వాత విడివిడి టేకులు బయటికొచ్చినప్పుడు అవే కొత్తగా, వింతగా అనిపించి ఉంటాయి.

ఇంకో ఉదాహరణ 1941 నాటిది. న్యూయార్క్‌లో మింటన్స్ అనే క్లబ్బులో క్రిస్టియన్ రాత్రిపూట వాయిస్తుంటే, జెర్రీ న్యూమన్ అనే విద్యార్థి తన సొంత డిస్క్ మెషీన్‌తో పట్టాడు. అందులో బాగా పేరొచ్చిన ముక్క ‘స్వింగ్ టు బాప్’. అసలది ‘టాప్సీ’ అనే పాట. మెషీన్ అందుకునేసరికే పాట మధ్యలో ఉంది. ఆ పేరు తర్వాత రికార్డు వేసినవాళ్లు పెట్టుకున్నది. అంటే కొన్నిసార్లు సౌండే కాదు, పాట పేరు కూడా రీఇష్యూ ఇచ్చిందే.

1958లో స్టీరియో ఎల్పీలు అంగళ్లకొచ్చాయి. కొన్నాళ్లకే మోనో రికార్డులు పాతబడ్డ సరుకైపోయాయి. కంపెనీలు ఏం చేశాయంటే, ఒకే చానెల్‌లో ఉన్న పాత రికార్డింగును తీసుకుని, బరువైన స్వరాలను ఒక స్పీకరు వైపూ పదునైనవాటిని ఇంకో వైపూ నెట్టి, కాస్త ఎకో కలిపి, అట్ట మీద స్టీరియో అని వేసి అమ్మాయి. రీఇష్యూల చరిత్రలో ఇంతకంటే దండగమారి పని ఇంకోటి లేదని నా అభిప్రాయం. పాత ఎల్పీ కొనేటప్పుడు, మోనోను ఎలక్ట్రానిక్ పద్ధతిలో స్టీరియోకు మార్చామని అట్ట మీద రాసి ఉంటే నిరభ్యంతరంగా కింద పెట్టేయొచ్చు.

మన వైపు ఈ రికార్డులు రావడమే గగనం. చిత్తూరు జిల్లావాళ్లకు పాత ప్లేట్ల అంగళ్లంటే మద్రాసే, అందులోనూ మూర్ మార్కెట్. 1985లో అది కాలిపోయింది. రీఇష్యూ అనే మాట మాత్రం తిరుపతికి కొత్త కాదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం 1963లో ఎల్పీగా వచ్చింది, ఆ తర్వాత క్యాసెట్ అయింది, సీడీ అయింది, ఇప్పుడు ఫోన్లో ఉంది. వీధి మైకులో విన్నదానికీ ఇయర్‌ఫోన్‌లో విన్నదానికీ తేడా ఈ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఆ తేడా ఎల్పీదా, క్యాసెట్‌దా, మైకుదా అంటే మాత్రం ఎవరూ తేల్చలేరు.

వెస్ మాంట్‌గొమరీ టేపుల ప్రయాణం చూస్తే వ్యాపారం సంగతి స్పష్టమవుతుంది. ఆయనకు పేరు తెచ్చిన రివర్‌సైడ్ కంపెనీ 1964లో దివాలా తీసింది. ఆ టేపులు 1972లో ఫ్యాంటసీ చేతికొచ్చాయి. 1980లలో ఆ కంపెనీయే వాటిని పాత అట్టలతో, తక్కువ ధరకు మళ్లీ వేసింది. 2004లో ఫ్యాంటసీనే కాంకర్డ్ కొనేసింది. వెస్ మాత్రం రివర్‌సైడ్ దివాలా రోజుల్లోనే వెర్వ్ కంపెనీకి మారాడు. 1965లో ‘స్మోకిన్ ఎట్ ద హాఫ్ నోట్’ వచ్చింది. పేరు చూస్తే క్లబ్బులో లైవ్‌గా పట్టిందనుకుంటాం. నిజానికి ఆ ఎల్పీలో రెండు పాటలే హాఫ్ నోట్ క్లబ్బువి, మిగతా మూడూ స్టూడియోలో వాయించినవి. 1968 జూన్‌లో వెస్ చనిపోయాడు. ఆ మరుసటి ఏడు వెర్వ్ అదే క్లబ్బు టేపుల్లోంచి మిగిలినవి తీసి, కొన్నిటి మీద బాకాలూ పిల్లనగ్రోవులూ కొత్తగా వాయింపించి ఇంకో ఎల్పీ వేసింది. దానికి గ్రామీ కూడా వచ్చింది! ఆ పైపూతలు లేకుండా వెస్ గిటారు వినాలంటే తర్వాతి రీఇష్యూల దాకా ఆగాల్సి వచ్చింది. మొదటి ముద్రణే మేలు అనేవాళ్ల దగ్గర దీనికి జవాబు లేదు.

బ్లూ నోట్ కంపెనీది మరో రకం చిక్కు. అక్కడ సౌండ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్. టేపులోని సౌండును ఎల్పీ గాడిగా కోసేటప్పుడు ఆయన బాస్ కొంత తగ్గించేవాడు, సౌండు ఎగుడుదిగుళ్లు కాస్త నొక్కేవాడు. చవక ప్లేయర్ల మీద ముల్లు ఎగిరిపోకూడదు కదా. అందుకే అదే మాస్టర్ టేపు, అంటే స్టూడియోలో పట్టిన అసలు టేపు, నుంచి తర్వాత ఎవరైనా ఆ సర్దుబాట్లు లేకుండా రికార్డు కోస్తే బాస్ నిండుగా వినిపిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు, టేపు మీద ఉన్నదే అది. మరి వాన్ గెల్డర్ కోసిన మొదటి ముద్రణలో ఒక బిగువు ఉంటుంది, దానికి అలవాటైన చెవికి కొత్తది వదులుగా తోస్తుంది. మోనో కోసం ఎగబడేవాళ్లకు ఇంకో మాట: 1958 చివరి నుంచి వాన్ గెల్డర్ బ్లూ నోట్ కోసం విడిగా మోనో టేపు చేయడం మానేశాడు. ఆ తర్వాతి మోనో ఎల్పీలు స్టీరియో టేపులోని రెండు చానెళ్లను కలిపి చేసినవే. 1963 నాటి కెన్నీ బరెల్ ‘మిడ్‌నైట్ బ్లూ’ కూడా అంతే.

1999 నుంచి వాన్ గెల్డరే తన పాత రికార్డింగులను సీడీల కోసం మళ్లీ మాస్టర్ చేశాడు. చేసినవాడే మళ్లీ చేశాడు కాబట్టి ఇదే ఆఖరి మాట అనుకున్నారు చాలామంది. కొందరు శ్రోతలకు అవి మరీ గట్టిగా, రెండు స్పీకర్ల మధ్య ఎడం తగ్గినట్టు అనిపించాయి. 2019లో మొదలైన బ్లూ నోట్ వాళ్ల టోన్ పొయెట్ వరుసలో మాస్టర్ టేపు నుంచి నేరుగా, డిజిటల్ దశ లేకుండా ఎల్పీలు కోస్తున్నారు. డిజిటల్ దశ లేదనే మాటకు ఇప్పుడెంత విలువో 2022లో తెలిసింది. ఖరీదైన రీఇష్యూలు వేసే మొబైల్ ఫిడెలిటీ, తమ తయారీలో డిజిటల్ దశ ఉందని ఒప్పుకోవాల్సి వచ్చింది. కొన్నవాళ్లు కోర్టుకెళ్లారు. అంతవరకు ఆ రికార్డులు విని అనలాగ్ మాధుర్యమని మెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది చెవితో దాన్ని పట్టుకోలేకపోయారన్నది నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించిన సంగతి.

మొదటి ముద్రణనూ రీఇష్యూనూ పోల్చి వినదలచినవారికి గ్రాంట్ గ్రీన్ ‘ఐడిల్ మొమెంట్స్’ మంచి పాఠం. 1963 నవంబరు 4న రికార్డింగు. ఒక్కొక్కరి సోలో ఎంత పొడవుండాలనే దానిలో గందరగోళం జరిగి, టైటిల్ పాట దాదాపు పదిహేను నిమిషాలకు సాగింది. అది బాగా కుదరడంతో దాన్ని అలాగే ఉంచేశారు. కానీ ఎల్పీలో చోటు సరిపోదు. అందుకని 15వ తేదీన మళ్లీ కూర్చుని ‘జీన్ ద ఫ్లూర్’, ‘జాంగో’ పాటలను పొట్టిగా వాయించారు. 13 నిమిషాల ‘జాంగో’ తొమ్మిది నిమిషాల లోపుకు తగ్గింది. ఎల్పీలో ఎక్కింది ఆ పొట్టివి. మొదటి రోజు వాయించిన పొడుగువి సీడీల కాలంలో అదనపు టేకులుగా బయటికొచ్చాయి. ఫోన్లో ఈ ఆల్బం తెరిచి, నాలుగుకు బదులు ఆరు పాటలు కనిపిస్తే చివరి రెండూ అవే. ముందు వాటిని విని, ఆ తర్వాత పొట్టి ‘జాంగో’ వినండి.