ఎండాకాలం, ఎద సూదులు: గేదెల పెంపకంలో అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ దాటితే విశాఖ దగ్గరి ఆనందపురం, పద్మనాభం, భీమిలి పాడి రైతుల నోట ఒకటే మాట: "గేదె ఎదకు రావట్లేదు, ఒక సూది వేసెయ్యండి." ఏ సూదో, ఎప్పుడు పనిచేస్తుందో చూసుకోకుండా వేయిస్తే డబ్బే కాదు, కడుపులో దూడ కూడా పోవచ్చు.

అపోహ: ఎండాకాలంలో గేదె ఎదకు రాదు.

కొన్ని నిజంగానే ఆగుతాయి. పగటి నిడివి తగ్గే కాలంలో గేదెలు బాగా చూడి కడతాయి. చీకటివేళ మెదడులో ఊరే మెలటోనిన్ అనే హార్మోను ప్రభావం అది. అయితే విశాఖలో జూన్ పగటికీ డిసెంబరు పగటికీ తేడా సుమారు రెండు గంటలే. ఇక్కడ ఎక్కువ దెబ్బ తీసేవి సముద్రపు ఉక్క, పచ్చిమేత కరువు. పైగా చాలా గేదెలు ఎదకు వస్తూనే ఉంటాయి, మన కంటపడవు. ఇదే మూగ ఎద. అరవవు, ఆవుకు వేలాడినట్టు తీగలు (మానం నుంచి కారే జిగురు) వేలాడవు. రాత్రి పడుకునే ముందు, తెల్లవారుజామున టార్చి వేసి చూడండి: పడుకున్నచోట నేలమీద తీగ, మానం వాపు, మాటిమాటికీ మూత్రం, ఆ పూట పాలు తగ్గడం.

అపోహ: ఒక్క సూదితో ఏ గేదెకైనా ఎద వస్తుంది.

ఎద సూదిగా వేసే ప్రోస్టాగ్లాండిన్ (క్లోప్రోస్టెనాల్ 500 మైక్రోగ్రాములు) పనిచేయాలంటే అండాశయం మీద కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అక్కడ ఏర్పడే గడ్డ) ఉండాలి. ఎద తగ్గిన తొలి నాలుగైదు రోజుల్లో వేసినా, అండాశయం చలనం లేకుండా ఉన్నా వృథాయే. చూడి గేదెకు వేస్తే ఈసుకుపోతుంది. అందుకే ముందు డాక్టరు చెయ్యి పెట్టి చూసి తీరాలి. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు ఈ మందు ముట్టుకోకూడదు, చర్మం గుండా లోపలికి వెళ్తుంది.

ఎద కనిపెట్టలేని గేదెకు ఓవ్‌సింక్ (రోజుల లెక్కన సూదులు వేసి అండం విడుదలను ఒక వేళకు తెచ్చే పద్ధతి) మేలు. మొదటి రోజు సాయంత్రం బుసెరెలిన్ (అండం విడుదల చేయించే హార్మోను మందు) 10 మైక్రోగ్రాములు, ఏడు రోజులకు ప్రోస్టాగ్లాండిన్, ఆ తర్వాత రెండు రోజులకు మళ్ళీ బుసెరెలిన్. చివరి సూది పడిన 16-20 గంటలకు వీర్యదానం, ఎద కనబడినా కనబడకపోయినా. చివరి సూది సాయంత్రం 4కు పడితే మర్నాడు ఉదయం 8-10 గంటలకు సరిపోతుంది. ఉదయం వేస్తే వీర్యదానం వేళ అర్ధరాత్రికి పడుతుంది, అక్కడే చాలామందికి తప్పుతుంది.

అండాశయం పూర్తిగా ఆగిపోయిన గేదెకు ఇది అంతగా పట్టదు. ప్రొజెస్టిరాన్ హార్మోను వదిలే పరికరాన్ని వారం పైన యోనిలో ఉంచి తీసే పద్ధతి నయం. ఎముకలు తేలిన గేదెకు ఏదీ పట్టదు. ముందు నట్టల మందు, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, పచ్చిమేత, మధ్యాహ్నం చెరువులో పొర్లడమో ఒంటిమీద నీళ్ళో చూడండి.

అపోహ: ఎద మళ్ళీ కనబడలేదంటే చూడి కట్టినట్టే.

మూగ ఎదల కాలంలో ఈ లెక్క నమ్మకండి. వీర్యదానం చేసిన 18-22 రోజుల మధ్య రాత్రిపూట గమనించండి, 60 రోజులకు చూడి పరీక్ష చేయించండి. తేలేదాకా ఇంకో సూది వద్దు.