స్కూటర్ చార్జింగ్ మెట్ల కింద వద్దు

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి తగలబడి ఎనిమిది మంది చనిపోయారు. మంట లేచింది కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో. పోయినవాళ్లు పైఅంతస్తుల్లో దిగినవాళ్లు. మెట్లదారే పొగకు చిమ్నీ అయింది.

బ్యాటరీ 'పేలింది' అని వార్తల్లో రాస్తారు గానీ, లోపల జరిగేది అంచెలంచెలుగా జరుగుతుంది. స్కూటర్ బ్యాటరీ అంటే చాలా లిథియం అయాన్ సెల్‌ల కట్ట. ఒక్కో సెల్‌లో రెండు ధ్రువాల మధ్య వెంట్రుక కన్నా పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. చుట్టూ ఉండే ద్రవానికి ఇట్టే నిప్పంటుకుంటుంది. దెబ్బ తగిలినా, మోతాదు మించి చార్జ్ చేసినా, తయారీలోనే లోపమున్నా సెల్ వేడెక్కుతుంది. సుమారు 130 డిగ్రీల దగ్గర ఆ పొర కరిగి ధ్రువాలు రెండూ కలుస్తాయి. వేడి 200 దాటితే నికెల్, కోబాల్ట్ ఉన్న ధనధ్రువం ఆక్సిజన్‌నే వదులుతుంది. ఒక సెల్ వేడి పక్క సెల్‌ను లేపుతుంది. హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, ఊపిరితిత్తులను కాల్చే హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఎగజిమ్ముతాయి.

లిథియం బ్యాటరీల్లోనే మరో రకమైన ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఆక్సిజన్ అంత తేలిగ్గా విడివడదు. అందుకే అది కొంత నయం. కొంతే! వాయువులు దానిలోంచీ వస్తాయి.

దుప్పటి కప్పితే, పౌడర్ చల్లితే పైమంట తగ్గొచ్చు, లోపలి వేడి తగ్గదు. దాన్ని దించేది నీళ్లే, అదీ ట్యాంకర్ల కొద్దీ. 'లిథియం మీద నీళ్లు పోయకూడదు' అన్నది లోహరూపంలో ఉన్న లిథియానికి చెప్పిన మాట, ఈ బ్యాటరీలకు కాదు. అయినా స్కూటర్ బ్యాటరీ అంటుకుంటే బకెట్లు వెతకడం నా దృష్టిలో తెలివితక్కువ పని. అందరినీ బయటికి పంపి 101కి ఫోన్ చేయాలి. ఆరినట్టు కనిపించినవి గంటల తర్వాత మళ్లీ రాజుకోవచ్చు.

కాబట్టి అసలు ప్రశ్న ఎక్కడ చార్జింగ్ పెడుతున్నామన్నది. మన అపార్ట్‌మెంట్లలో ప్లగ్ దొరికేది మెట్ల కిందే, లేదా బ్యాటరీ ఊడదీసి పడకగదిలో. రెండూ తప్పే. బయటికెళ్లే దారికి అడ్డురాని చోట, గాలి ఆడే చోట, మనుషులు మెలకువగా ఉన్నప్పుడు పెట్టాలి. ఎండలో తిరిగొచ్చిన బండిని కాసేపు చల్లారనివ్వాలి. కంపెనీ చార్జరే వాడాలి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకూడదు, చెత్తబండిలో వేయకూడదు.

విమానంలో పవర్ బ్యాంక్‌ను చెకిన్ సామానులో వేయనివ్వకపోవడానికీ కారణం ఇలాంటిదే. సీటు దగ్గర పొగ వస్తే ఎవరో ఒకరు చూస్తారు, నీళ్లు పోస్తారు.