సెప్టెంబర్ 17కి పేరు సరే, క్లాసులో పాఠం సంగతేంటి?

సెప్టెంబర్ వస్తే హైదరాబాద్‌లో పాత గొడవ మళ్లీ మొదలు. 1948లో నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17ను ఏమని పిలవాలి? విమోచనమా, విలీనమా, సమైక్యతా? 2022లో కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరిపింది. అదే రోజు రాష్ట్రం పబ్లిక్ గార్డెన్స్‌లో జాతీయ సమైక్యతా దినం జరిపింది. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని ప్రజాపాలన దినోత్సవం చేసింది. పేరు ఏదైనా, 'పిల్లలకు అసలు చరిత్ర చెప్పడం లేదు' అన్న ఫిర్యాదు మాత్రం ఏటా వినిపిస్తుంది. ఆపరేషన్ పోలో, అంటే హైదరాబాద్‌పై భారత సైన్యం జరిపిన 'పోలీసు చర్య' కథ అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని వదిలేద్దాం. నిరంకుశ పాలన గురించి హైస్కూల్లో చెప్పే పాఠం ఎక్కడ దారి తప్పిందో చూడాలంటే 1948 కంటే 2014 ముఖ్యం.

2011లో ఉమ్మడి రాష్ట్రం కొత్త పాఠ్య ప్రణాళిక తెచ్చింది. దాని ప్రకారం తయారైన పదో తరగతి సోషల్ పుస్తకం 2014లో పిల్లల చేతికి వచ్చింది. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ కాలానికి రెండు పాఠాలు ఇచ్చారు. నాజీల గురించి అందులోనే ఉంది. స్వతంత్ర భారతం మొదటి ముప్పై ఏళ్ల పాఠంలో ఎమర్జెన్సీ వచ్చింది. హైదరాబాద్ రాష్ట్ర పోరాటం ఎనిమిదో తరగతిలో ఉంది. అయితే అసలు మార్పు పాఠాల్లో కాదు, ప్రశ్నల్లో వచ్చింది. సమకాలీన అంశాలపై ప్రతిస్పందించడం, ప్రశ్నించడం కూడా విద్యా ప్రమాణంగా చేరాయి. అంటే ప్రశ్నించడానికి మార్కులున్నాయి.

దీని విలువ తెలియాలంటే జర్మనీ పాఠం చాలు. హిట్లర్ సైన్యంతో వచ్చి కుర్చీ లాక్కోలేదు. 1933 జనవరి 30న రాజ్యాంగం ప్రకారమే ఛాన్సలర్ అయ్యాడు. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది, మర్నాడే పౌరహక్కులు పోయాయి. మార్చి 23న చట్టాలు చేసే అధికారాన్ని పార్లమెంటే అతని ప్రభుత్వానికి అప్పగించింది. మొత్తం రెండు నెలలు కూడా పట్టలేదు. 1975 జూన్ 25 రాత్రి మన దగ్గర ఎమర్జెన్సీ ప్రకటన మీద రాష్ట్రపతి సంతకం కూడా రాజ్యాంగంలోని అధికరణం కిందే జరిగింది. ఈ రెండూ ఒకటే అని పిల్లలకు చెప్పనక్కర్లేదు. పక్కపక్కన పెట్టి, ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ కలవవు అని అడిగితే చాలు. పదిహేనేళ్ల పిల్లలు చక్కగా చెప్పగలరు.

కానీ పరీక్ష మాట వేరు. మా ఇంట్లో అమ్మాయి పదో తరగతి చదివినప్పుడు చూశాను. 'నీ అభిప్రాయం రాయుము' అన్న ప్రశ్నకు గైడ్‌లో ఐదు పాయింట్లు అచ్చేసి ఉన్నాయి. క్లాసంతా ఆ ఐదు పాయింట్లే రాసింది, అందరికీ ఫుల్ మార్కులు పడ్డాయి. తర్వాత పదకొండు పేపర్లు ఆరయ్యాయి, సోషల్ రెండు పేపర్ల నుంచి ఒకటికి తగ్గింది. టెన్షన్ తగ్గిందని తల్లిదండ్రులు సంతోషించారు, అది తప్పు కాదు. అయితే ఆలోచించి రాసే జవాబుకు ఉన్న కాస్త చోటూ ఇరుకైంది. 2014లో తెరిచిన తలుపు అలా మూసుకుపోయింది.

ఇక నేటి వాదన. నిజాం పక్షాన నిలిచిన సాయుధ మూక రజాకార్ల దాడులు చెప్పాల్సిందేనని ఒక పక్షం, చెబితే మతాల మధ్య చిచ్చు రేగుతుందని ఇంకో పక్షం. సోషల్ చెప్పే టీచర్లతో మాట్లాడితే మూడో మాట వినిపిస్తుంది: మొత్తం చెప్పనివ్వండి అని. మొత్తం అంటే ఏమిటి? 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద పడి రజాకార్లు జనాన్ని కాల్చి చంపారు. దానికి కొద్ది రోజుల ముందే కాచిగూడ ప్రాంతంలో ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను చంపారు. విలీనం కావాలని రాసినందుకు, 28 ఏళ్లు కూడా నిండని మనిషి చేతులు నరికారు. ఆయన ముస్లిం. మరోపక్క, ఊళ్లలో వెట్టి చేయించుకున్న విసునూరు దేశ్‌ముఖ్ హిందువు, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ ఎదిరించింది ఆ దొరనే. పోలీసు చర్య తర్వాత జరిగిన హత్యలపై కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ విచారించి, 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ముస్లింలను కాపాడిన హిందువుల గురించి కూడా అదే నివేదికలో ఉంది. అది దశాబ్దాల పాటు జనానికి అందలేదు. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా మిగిలేది ఒక పార్టీ కరపత్రమే.

ఈ చిక్కును పశ్చిమ జర్మనీలో రాజకీయ విద్య నిపుణులు 1976లో బాయటెల్స్‌బాఖ్ అనే ఊళ్లో కూర్చుని చర్చించారు. అక్కడ తేలిన మాటలు సూటిగా ఉంటాయి. పిల్లల మీద అభిప్రాయం రుద్దకూడదు. సమాజంలో వివాదంగా ఉన్నదాన్ని క్లాసులోనూ వివాదంగానే చూపాలి. తన స్థితిగతులను తానే బేరీజు వేసుకునే శక్తి విద్యార్థికి రావాలి.

మన దగ్గర కత్తెర పడింది. 2022లో కేంద్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు కుదించినప్పుడు 12వ తరగతిలో ఎమర్జెన్సీ పాఠం నుంచి కొన్ని పేజీలు పోయాయి. పదో తరగతిలో ప్రజాస్వామ్యం ఎదుర్కొనే సవాళ్ల పాఠం మొత్తం పోయింది. రెండేళ్లకు, 2024 జూలైలో, జూన్ 25ను రాజ్యాంగ హత్యా దినంగా కేంద్రం ప్రకటించింది. తేదీ క్యాలెండర్‌లోకి వచ్చింది, పేజీలు మాత్రం పుస్తకంలోంచి పోయాయి.

ఎమర్జెన్సీ ఢిల్లీ కథ అనుకునే పిల్లలకు చూపించాల్సిన చోటు హైదరాబాద్ నగరం మధ్యలోనే ఉంది. ఆదిలాబాద్ జిల్లా నక్సలైట్ ఉద్యమంలో పనిచేసిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. ఆ జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలోనే గాంధీ ఆసుపత్రి ఉంది. రోజూ మెట్రోలో గాంధీ ఆసుపత్రి స్టేషన్ మీదుగా బడికెళ్లే పిల్లలకు ఈ సంగతి చెప్పడానికి ఒక్క పీరియడ్ చాలు.