అక్వేరియానికి కూడా తోడు వెయ్యాలి

మా ఇంట్లో మొదటిసారి అక్వేరియం పెట్టినప్పుడు ఆరు గోల్డ్‌ఫిష్‌లు వేశాం. పదకొండో రోజుకి ఒక్కటి మిగిలింది. "పోనీలేరా, ఇంటికి రావాల్సిన గండం అవి తీసుకుపోయాయి" అంది అమ్మ. చాలా ఇళ్లలో ఇదే మాట. చేపల షాపు వాళ్లకి ఇంతకంటే పనికొచ్చే నమ్మకం ఇంకోటి ఉండదనుకుంటా, ఎందుకంటే గండం పోయిందని తేలికపడ్డ వాళ్లు వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లి ఇంకో ఆరు తెచ్చుకుంటారు. మేమూ తెచ్చాం. అవీ పోయాయి.

వాటిని చంపింది అమ్మోనియా.

మనం తిన్న ప్రోటీన్‌లోంచి మిగిలే నైట్రోజన్‌ని మన ఒళ్లు యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. చేప అంత కష్టపడదు, చాలావరకు అమ్మోనియాగానే మొప్పల గుండా నీళ్లలోకి వదిలేస్తుంది. చెరువులో అయితే దానివల్ల ఇబ్బంది లేదు, బోలెడు నీళ్లు. కానీ రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకుని అంచుదాకా నింపినా పట్టేది 56 లీటర్లే. అందులో ఆరు చేపలు, పైగా ఇంటికొచ్చిన పిల్లలంతా తలా ఓ చిటికెడు మేత వేస్తారు, తినగా మిగిలింది అడుగున కుళ్లి అదీ అమ్మోనియానే అవుతుంది. ఇంత జరుగుతున్నా నీళ్లు తేటగానే ఉంటాయి, వాసన కూడా రాదు. మనం మోసపోయేది అక్కడే.

మరి నెలల తరబడి చేపలు బతికే ట్యాంకుల్లో ఈ అమ్మోనియా ఎక్కడికి పోతోంది? దాన్ని తిని బతికే సూక్ష్మజీవులున్నాయి. 1890 ప్రాంతంలో సెర్గే వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త జూరిక్‌లో మట్టి మీద పనిచేస్తూ ఇది రెండు అంచెల్లో జరిగే పని అని తేల్చాడు. ఒక జట్టు అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది, రెండో జట్టు ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. చిక్కేమిటంటే మధ్యలో వచ్చే నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలోకి చేరి హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది, రక్తం గోధుమరంగుకి తిరుగుతుంది. ఎయిర్ పంప్ బుడబుడమని బుడగలు వదులుతూనే ఉంటుంది, చేప మాత్రం పైకొచ్చి నోరు తెరిచి కొట్టుకుంటూ ఉంటుంది. పాతకాలం వాళ్లు ఇలాంటప్పుడు కాస్త కల్లుప్పు వేసేవారు. అది చాదస్తం కాదు, ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కి అడ్డుపడుతుంది. చివర్లో వచ్చే నైట్రేట్ మాత్రం మరీ పేరుకుపోతే తప్ప పెద్దగా హాని చెయ్యదు.

ఇంకో ముచ్చట. నూరేళ్లకు పైగా ఈ పనికి రెండు జట్లు ఉండి తీరాలనే అనుకున్నారు. 2015లో ఒకే బ్యాక్టీరియా మొదటినుంచి చివరిదాకా రెండు అంచెలూ పూర్తిచేస్తుందని రెండు బృందాలు ప్రకటించాయి. అందులో ఒకటైన నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీ వాళ్లకి అది దొరికింది ఏ సముద్రపు అడుగునో కాదు, చేపల పెంపకం ట్యాంకుకి తగిలించిన ఫిల్టర్‌లో!

అయితే ఈ సూక్ష్మజీవులకి తొందర ఉండదు. పాలు రాత్రి తోడేస్తే పొద్దునకల్లా పెరుగవుతాయి, ఇవి మాత్రం ఒకటి రెండవడానికే చాలాసార్లు ఒక రోజో అంతకంటే ఎక్కువో తీసుకుంటాయి. అందుకే కొత్త ట్యాంకు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అసలు మనవాళ్లు చేసేదేమిటంటే పొద్దున ట్యాంకు కొని, మధ్యాహ్నం నీళ్లు పోసి, సాయంత్రానికి చేపలు వదిలేస్తారు. దానికి బదులు ఖాళీ ట్యాంకులో ఫిల్టర్ నడిపిస్తూ రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనివ్వండి, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ ముందు పెరిగి, ఆ తర్వాత సున్నాకి వచ్చేదాకా ఆగండి. ఆగలేం అంటే తోడు వెయ్యాలి. అంటే ఆరోగ్యంగా నడుస్తున్న ఎవరిదైనా పాత ట్యాంకులోని ఫిల్టర్ స్పాంజి తెచ్చి మీ ట్యాంకు నీళ్లలో పిండడం. మురికి, బురద, అంతా. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది నీళ్లలో కాదు, స్పాంజికి, గులకరాళ్లకి పట్టిన ఆ జిగురు పొరలోనే.

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ జరిగే ఆదివారం కార్యక్రమం గుర్తు తెచ్చుకోండి. చేపల్ని బకెట్లోకి మార్చి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లు, స్పాంజి కుళాయి కింద పెట్టి తళతళలాడేలా రుద్ది, మళ్లీ కొత్త నీళ్లు. పట్టుమని నాలుగు రోజులు తిరక్కుండానే చేప తేలుతుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉండేదే సూక్ష్మజీవుల్ని చంపడానికి కదా, అది మంచివీ చెడ్డవీ అని చూడదు. నెలకోసారి స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండితే చాలు. వారానికి పావు వంతు నీళ్లు పైపుతో లాగేసి, అంతే కొత్తవి పోసుకోవాలి, మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి. ఆ సీసాల్లో చాలావాటిలో ఉండేది సోడియం థయోసల్ఫేట్, ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో హైపో అని వాడిందే.

బోరు నీళ్లకి క్లోరిన్ బాధ లేదు గానీ మన దగ్గర అవి చాలాచోట్ల కఠినంగా ఉంటాయి, పీహెచ్ (నీళ్లలో ఆమ్ల, క్షార గుణాల కొలత) కూడా ఎక్కువే. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, ఉన్న అమ్మోనియాలోనే బాగా విషపూరితమైన వాటా దాదాపు పదింతలవుతుంది. అందుకని ఖరీదైన ఆర్వో నీళ్లే పోసేవాళ్లున్నారు, అదీ తప్పే, ఖనిజాలు లేని నీళ్లలో పీహెచ్ నిలకడగా ఉండదు. నీళ్లతో యుద్ధం చెయ్యడం కన్నా వాటికి తగ్గ చేపని తెచ్చుకోవడం సుఖం. గప్పీలు, మోలీలు కఠినమైన నీళ్లలో హాయిగా పిల్లల్ని పెడతాయి. నియాన్ టెట్రాలు అమెజాన్ మెత్తటి నీళ్లకి అలవాటుపడ్డవి, బోరు నీళ్లలో వాటిని పెంచడం నావల్ల కాలేదు.

ఇక "ట్యాంక్ క్లీనర్" అని అంటగట్టే ఆ నల్ల సక్కర్ చేప. అడుగు దాటి పెరుగుతుంది, నాకినదానికంటే ఎక్కువ మలం వదులుతుంది. పెరిగాక జాలిపడి చెరువులో వదులుతారు, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ ముళ్ల చేప మన చెరువుల్లో స్థిరపడి జాలర్ల వలలు చింపుతోంది. దయచేసి కొనకండి.

మొన్న కింది ఫ్లాట్ ఆంటీ మనవడి కోసం ట్యాంకు కొన్నారట, అచ్చం పెరుగు తోడు కోసం వచ్చినట్టే స్టీలు గిన్నె పట్టుకుని వచ్చారు. స్పాంజి పిండి ఇచ్చాను. ఆ నల్లటి నీళ్లు చూసి "ఇదా!" అన్నారు గానీ గిన్నె మాత్రం జాగ్రత్తగా పట్టుకెళ్లారు. రెండు రోజులకోసారి నైట్రైట్ టెస్టు ఫొటో పంపుతున్నారు, నైట్రైట్ లేదని చెప్పే నీలం రంగు వచ్చాకే చేపలు వేస్తారట. నిన్నటిది ఇంకా వంకాయ రంగులోనే ఉంది.